ఒకటో నంబర్ టోకెన్

మనిషి ముందు నిప్పును కనిపెట్టాడు, తర్వాత చక్రాన్ని కనిపెట్టాడు, ఆ తర్వాత చాలా కాలం ఆలోచించి బ్లాక్ ఫ్రైడేను కనిపెట్టాడు. మొదటి రెండూ నారాయణఖేడ్‌కు ఏ తేదీన చేరాయో ఎవరూ రాసిపెట్టలేదు. మూడోది మాత్రం పోయిన నవంబరు ఆఖరి శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు, బస్టాండు వెనక గల్లీలో, రేవప్ప సేటు బట్టల దుకాణం ముందు దిగింది. నేను అక్కడే ఉన్నాను. చంకలో పాప, చేతిలో పాప నీళ్ల సీసా, కొంగు చివర పాప ముక్కు తుడిచే రుమాలు. చరిత్రకు సాక్షిగా నిలబడడానికి ఇంతకంటే సరంజామా అక్కర్లేదు.

విదేశీ సేల్‌లను మనం స్వీకరించాలా వద్దా అని ఈ మధ్య పెద్దవాళ్లు పేపర్లలో వాదించుకుంటున్నారు. ఒకాయన మన సంస్కృతి ఏం కావాలని అడిగాడు. ఇంకొకాయన వినియోగదారుడే దేవుడన్నాడు. ఇద్దరిలో ఒక్కరు కూడా రెండున్నర గంటలు గడప బయట నిలబడలేదని వాళ్ల వాక్యాలు చూస్తేనే తెలుస్తుంది. నేను నిలబడ్డాను. (నా చదువు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష ఫీజు కట్టిన దగ్గర ఆగింది. ఫీజు తిరిగి ఇవ్వలేదు. అప్పటి నుంచి నిలబడి నేర్చుకున్నవే నాకు చదువు.) కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకుందని వినయంగా మనవి చేస్తున్నాను.

ముందుగా పూర్వాపరాలు. అమెరికాలో నవంబరు చివర ఏదో పండుగ ఉంది. పండుగ మర్నాడు దుకాణాలన్నీ ధరలు తగ్గిస్తాయి. తెల్లవారకముందే జనం తలుపుల ముందు నిలబడి, తలుపు తీయగానే ఒకరినొకరు తోసుకుంటూ లోపల పడతారు. అందరికంటే ముందు పోవాలి, అదే అక్కడి ఆచారం. ఆ సేల్ అక్కడి నుంచి బయల్దేరి, సముద్రం దాటి, ముంబై మీదుగా హైదరాబాద్ వచ్చి, జోగిపేట దగ్గర చాయ్ తాగి, మన దాకా చేరింది. దారిలో పండుగ ఎక్కడో దిగిపోయింది. డిస్కౌంటు ఒక్కటే వచ్చింది.

తీసుకొచ్చినావిడ రేవప్ప సేటు కోడలు శైలశ్రీ. బీదర్‌లో బీకాం చదివింది. పెళ్లయి వచ్చిన ఆరో నెలలో, దుకాణం అభివృద్ధికి ఒక ప్రణాళిక తయారుచేసి అత్తవారింటి ముందు పెట్టింది. దాని మీద జరిగిన సమావేశంలో ముగ్గురు సభ్యులు పాల్గొన్నారు: శైలశ్రీ, రేవప్ప సేటు, సేటు తల్లి సిద్ధలింగమ్మ. (సమావేశం సంగతులు నాకెలా తెలుసని అడగవచ్చు. వాళ్ల వెనక వాటాలో మేం కిరాయికి ఉంటాం. మధ్యలో ఉన్నది ఒక్క గోడ, అది కూడా సగం దాకే.)

మొదటి అభ్యంతరం సిద్ధలింగమ్మదే.

"శుక్రారం పూట సేలా? శుక్రారం పైసలు ఇల్లు దాటొద్దని మీ అవ్వ నీకు చెప్పలేదానే?"

"మన పైసలు దాటుతలేవు అవ్వా. ఊరోళ్ల పైసలు మనింట్లకు వస్తున్నయి."

సిద్ధలింగమ్మ అభ్యంతరం వెనక్కి తీసుకుంది. "అట్లయితే సరే. లక్ష్మి వస్తుంటే అడ్డం నిలబడనీకె మనమెవరం."

(మిగతా ఇళ్ల నుంచి లక్ష్మి బయల్దేరడం గురించి సమావేశం చర్చించలేదు. అది ఆయా ఇళ్ల అంతర్గత వ్యవహారం.)

రెండో అభ్యంతరం నలుపు.

"బట్టల దుకాణం మీద నల్ల గుడ్డ కడ్తరా ఎవరన్న? ఎవరో పోయిండ్రనుకుంటరు."

"అది పేరు అవ్వా, రంగు కాదు."

"పేరు ఏదన్న పెట్టుకో. నా గడప మీద నలుపు బ్యాడ, వద్దంటే వద్దు."

అందువల్ల పసుపు రంగు ఫ్లెక్సీ మీద కుంకుమ రంగు అక్షరాలతో 'బ్లాక్ ఫ్రైడే' అని అచ్చయింది. నాలుగు మూలలా కలశాలు, మధ్యలో కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న తెల్ల పిల్ల. ఆ పిల్ల నుదుటన కూడా బొట్టు ఉంది. ఫ్లెక్సీ కొట్టే మధు తన ఖర్చుతో పెట్టాడు.

మూడో అభ్యంతరం దగ్గర సమావేశం రెండు రోజులు సాగింది. అది బోణి.

అమెరికా దుకాణదారులు ఎవరైనా ఈ వ్యాసం చదివే అవకాశం ఉంది కాబట్టి వివరిస్తున్నాను. పొద్దున్నే జరిగే మొదటి అమ్మకాన్ని బోణి అంటారు. ఆ అమ్మకం ఎట్లా జరిగితే రోజంతా అట్లాగే జరుగుతుంది. అందుకని బోణి ఉద్దెరకు, అంటే అప్పుకు, ఇవ్వరు. బోణి వేళ దుకాణంలోకి వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగిపోకూడదు. ఇక బోణి చేసే చెయ్యి మంచిదై ఉండాలి. ఎవరి చెయ్యి మంచిదో, ఎవరిది కాదో సిద్ధలింగమ్మకు కంఠతా వచ్చు. ఆటో భూమన్న ఒక దసరాకు బోణి చేస్తే మధ్యాహ్నానికి దుకాణం కరెంటు మీటరు కాలిపోయింది. భూమన్న ఆ రోజు కొన్నది ఒక బనియన్. ఆ బనియన్ ఇంకా బాగానే ఉంది.

"సగం ధరకు బోణి చేస్తే దినమంత సగమే నడుస్తది," అంది సిద్ధలింగమ్మ.

"సేల్ అంటేనే అందరికి సగం ధర అవ్వా."

"అందరికియ్యి. మొదటోళ్లకు బ్యాడ."

రేవప్ప సేటు తల్లి మాటా వింటాడు, కోడలి మాటా వింటాడు. అందుకే రెండూ ఫ్లెక్సీ మీద అచ్చయ్యాయి. పైన తాటికాయంత అక్షరాలతో 'అన్నీ సగం ధరకే'. కింద, పిల్ల చెప్పుల దగ్గర, ఆవగింజంత అక్షరాలతో నియమావళి: బోణి పూర్తి ధరకు. బోణి నగదుగా, చేతికి. బోణి కాకముందు గడప దాటినవారు కొనవలెను. సందేహాలు వస్తే గల్లా వారిదే తుది నిర్ణయం.

ఊరు ఊరంతా ఆ ఫ్లెక్సీ చదివింది. పైన అక్షరాలు ఒకసారి, కింద అక్షరాలు మూడుసార్లు.

ఇక నేనెందుకు వెళ్లాను అన్నది. అంతకు ముందు చలికాలం పాపకు నిమ్ము చేసి సంగారెడ్డి దవాఖానలో ఆరు రోజులున్నాం. ఊపిరి నిమిషానికి నలభై దాటితే వెంటనే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పి పంపింది. అప్పటి నుంచి నేను గడియారం పెట్టుకుని పాప ఊపిరి లెక్కబెట్టే ఉద్యోగంలో ఉన్నాను. సెలవుల్లేవు. ముప్పై ఆరు వస్తే నాకు నలభై లాగే ఉంటుంది, మళ్లీ లెక్కబెడతాను. దాంతో నా ఊపిరి నలభై దాటుతుంది. నవంబరు మొదటి వారంలోనే చలి మొదలైంది. రేవప్ప సేటు దుకాణంలో, అద్దం వెనక, ఒక ఎర్రటి ఉన్ని స్వెటర్ వేలాడుతోంది. మందం ఉన్ని, చెవులు మూసే టోపీ దానికే కుట్టి ఉంది. రెండేళ్ల సైజులో అదొక్కటే మిగిలింది. ధర ఆరు వందలు. సగమైతే మూడు వందలు. మిగిలిన మూడు వందలకు పాప దగ్గు మందు, ఆవిరి పట్టే మిషన్‌కు మాస్కు వస్తాయని పదిహేను రోజులు ఆ అద్దం ముందు నుంచి నడుస్తూ లెక్కలు వేసుకున్నాను.

ఆ అద్దం ముందు నుంచి నడుస్తున్నది నేనొక్కదాన్నే కాదు. ఎదురింటి దాక్షాయణి వదినకూ రెండేళ్ల కొడుకున్నాడు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు సేటు కొబ్బరికాయ కొట్టాడు. కర్పూరం వెలిగించాడు. షట్టరు పైకి లేచింది. అప్పటికి గల్లీలో ఎనభై మందికి తక్కువ లేరు. కల్హేర్ నుంచి కూడా వచ్చారు. అమెరికాలోనైతే ఈ క్షణంలోనే తలుపులు విరుగుతాయట.

"రండ్రి, రండ్రి," అన్నాడు సేటు.

ఎనభై మంది చూస్తూ నిలబడ్డారు.

ఒక్కరు కదల్లేదు. ఎవరో ఒకరు మొదట వెళ్లి పూర్తి ధర పెట్టి కొంటే, మిగతా డెబ్బై తొమ్మిది మందికి సగం ధర మొదలవుతుంది. ఆ ఒకరు తాను కాకూడదన్న విషయంలో అంత ఐకమత్యాన్ని నేను ఎన్నికలప్పుడు కూడా చూడలేదు.

"నువ్వు పో వదినా. నీకు నేనే అడ్డమున్నట్టున్న," అన్నాను.

"అయ్యో, నువ్వే పో శ్రీవాణీ. పొల్లనెత్తుకొని ఎంతసేపు నిలబడ్తవ్. నా పానం కొట్టుకుంటున్నది నిన్ను చూస్తుంటే," అంది దాక్షాయణి వదిన.

నా నడుము మీద ఆమెకు ఇంత బెంగ ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఇట్లాంటి మర్యాద గల్లీ అంతా వ్యాపించింది. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు దారిచ్చారు. పెద్దవాళ్లు కాళ్ల నొప్పులు చెప్పి వెనక్కి జరిగారు. పదేళ్లుగా మాట్లాడుకోని తోటికోడళ్లు ఒకరినొకరు ముందు పొమ్మని చేతులు పట్టుకుని బతిమాలుకున్నారు. భూమన్న ఆటో ఆపుకుని, "నన్ను సూడకుండ్రి. నేను బోణి చేస్త అన్నా వాళ్లే వద్దంటరు," అని నిశ్చింతగా బీడీ ముట్టించాడు. ఆ గల్లీలో మనశ్శాంతితో ఉన్న మనిషి అతనొక్కడే.

వరసలో ముందున్నవాళ్లు మెల్లగా వెనక్కి వెళ్లి నిలబడడంతో, వాళ్ల వెనక ఉన్నవాళ్లు ముందయ్యారు. వాళ్లూ వెనక్కి వెళ్లారు. ఇట్లా వరస తన చుట్టూ తాను తిరుగుతూ పది గంటలకు బస్టాండు దాకా వెళ్లింది. కంగ్టి బస్సు హారన్ కొట్టి కొట్టి ఆగిపోయింది. డ్రైవరు దిగి వచ్చి ఫ్లెక్సీ చదివి, విషయం అర్థమై, వరసలో చివర నిలబడ్డాడు.

పరిస్థితిని శైలశ్రీ చేతిలోకి తీసుకుంది. టోకెన్లు ఇస్తానంది. ఒకటో నంబరు టోకెన్ ఎవరూ తీసుకోకపోవడంతో రెండు నుంచి మొదలుపెట్టింది. అప్పుడు మాత్రం అమెరికా కొంచెం కనిపించింది. రెండో నంబరు కోసం జరిగిన తోపులాటలో ఒకామె గాజులు పగిలాయి, ఒకాయన లుంగీ... ఆ సంగతి వదిలేద్దాం. రెండో నంబరు దాక్షాయణి వదినకు దొరికింది. నాకు తొమ్మిది వచ్చింది. ఒకటో నంబరు టోకెన్‌ను ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి, గాలికి పోకుండా రాయి పెట్టారు. దిష్టి తీసి దారిలో పడేసిన నిమ్మకాయను తప్పుకున్నట్టు జనం ఆ కుర్చీని తప్పుకుని నడిచారు.

రెండు నుంచి డెబ్బై ఆరు దాకా టోకెన్లన్నీ అయిపోయాయని, 'అపూర్వ స్పందన' అని శైలశ్రీ ఫోటో తీసి స్టేటస్ పెట్టింది. నిజమే. ఫోటోలో అంతమంది జనం ఉన్నారు. దుకాణంలో ఎవరూ లేరన్నది ఫోటోలో పడలేదు.

పదిన్నరకు గడప ఉల్లంఘన కేసు వచ్చింది. నిందితురాలు మా పాప. విసుగుపుట్టి కాలి చెప్పు ఊడదీసి విసిరింది. అది సూటిగా గడప దాటి లోపల, చీరల అలమారు ముందు పడింది. గల్లీ అంతా ఊపిరి బిగబట్టింది. నియమావళి మూడో అంశం ప్రకారం గడప దాటినవారు కొనవలెను.

"దాటింది, దాటింది. బోణి శ్రీవాణిదే," అంది దాక్షాయణి వదిన, నాకు ప్రసవమైనంత సంబరంగా.

"చెప్పే కదా వదినా దాటింది. నేను బయటనే ఉన్న."

"చెప్పు ఎవరిది? పొల్లది. పొల్ల ఎవరిది?"

కేసు గల్లా దాకా వెళ్లింది. సిద్ధలింగమ్మ గల్లా పక్కన పీట మీద కూర్చుని ఉంది. కళ్లజోడు పెట్టుకుని చెప్పును అటూ ఇటూ తిప్పి చూసింది. "చెప్పుకు జేబున్నదా? లేదు. జేబు లేనిది ఏం కొంటది," అని తీర్పు చెప్పింది. చెప్పు గౌరవంగా విడుదలైంది. పాప దగ్గింది. ఒకసారే. నేను గడియారం చూశాను.

పదకొండింటికి శివమ్మ వచ్చింది.

ఆమె పేరు నాకు తర్వాత తెలిసింది. కంగ్టి దగ్గర ఊరు. చెరకు కొట్టే పనికి మర్నాడే బీదరు అవతలికి పోతున్నారట. అక్కడ తోటల్లో గుడిసెలకు గోడలుండవు కాబట్టి ఒక మందం రగ్గు కొనుక్కుందామని వచ్చింది. పన్నెండింటి బస్సుకు తిరిగి వెళ్లాలి. గల్లీలోకి వస్తూనే వరసను చూసి, "ఎవరన్న పోయిండ్రా?" అని అడిగింది. సేల్ అని చెప్పారు. బోణి సంగతి, పూర్తి ధర సంగతి చెప్పారు.

"గంతేనా," అంది శివమ్మ. "నాకు సగం వద్దు, పావు వద్దు. రగ్గు పన్నెండు వందలైతే పన్నెండు వందలిస్త. నాకు బస్సున్నది. జరుగుండ్రి."

ఆ మాట వినగానే గల్లీలో పాకిన ఆనందం వర్ణించలేను. ఎనభై మంది రెండుగా చీలి దారిచ్చారు. భూమన్న బీడీ పారేసి నిలబడ్డాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. దాక్షాయణి వదిన రెండో నంబరు టోకెన్ పైకెత్తి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, పరుగుకు సిద్ధమైంది. ఆమె కళ్లు ఎర్ర స్వెటర్ మీద ఉన్నాయి. నేను నా తొమ్మిదో నంబరు చూసుకున్నాను.

శివమ్మ గడప దగ్గరికి వచ్చి కాలెత్తింది.

లోపల నుంచి సిద్ధలింగమ్మ ఆమె నుదురు చూసింది. మెడ చూసింది. చేతులు చూసింది. కొడుకు వైపు చూసింది.

రేవప్ప సేటు లేచి గడప దగ్గరికి వచ్చాడు. చాలా మెత్తగా చెప్పాడు. "అక్కా, జర్ర ఆగు. బోణి కానియ్యి. కాంగనే మొదటి రగ్గు నీదే."

శివమ్మ ఎత్తిన కాలు వెనక్కి పెట్టింది. ఎందుకని అడగలేదు. ఈ నియమం ఫ్లెక్సీ మీద లేదు. అందరికీ తెలిసినవాటికి ఫ్లెక్సీ ఖర్చు దండగ. ఆమె మెట్టు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, ఆకు వక్క సంచి తీసి, ఆకుకు సున్నం రాసుకుంది. పదిహేను వందల సార్లు చేసిన పనిలాగా చేసింది.

ఇక్కడ ఎవరికైనా సిద్ధలింగమ్మ మీద కోపం వస్తే తొందరపడవద్దని మనవి. ఆమె పెనిమిటి కూడా పోయి ముప్పై ఏళ్లయింది. ఈ దుకాణం అప్పుడు నాలుగు అడుగుల డబ్బా. సైకిల్ మీద బట్టల మూటలను ఊరూరి వారం అంగడికి తిప్పి ఆమే పెంచింది. అయినా రోజూ పొద్దున బోణి అయ్యేదాకా ఆమె గల్లా ముట్టుకోదు, పక్కన పీట మీదే కూర్చుంటుంది. నియమం అందరికీ సమానం. గల్లా పైన వచనాలు రాసిన బసవన్న పటం ఉంది. ఆయన ఇట్లాంటి పట్టింపులు వద్దన్నాడని చెబుతారు. పటానికి దండ మాత్రం రోజూ మారుస్తారు.

మొత్తానికి, ఆ గల్లీలో పూర్తి ధర పెట్టడానికి ఒప్పుకున్న ఏకైక మనిషికి అనుమతి లేదని తేలింది. మిగతా అందరికీ అనుమతి ఉంది. వ్యవస్థ మళ్లీ సజావుగా ఆగిపోయింది.

పావు తక్కువ పన్నెండుకు పాప రెండోసారి దగ్గింది. తర్వాత మూడోసారి. నేను ఆమె వీపు మీద చెయ్యి పెట్టి లెక్కబెట్టాను. ముప్పై ఏడు. ఎండలో నిలబడినా పాప పాదాలు చల్లగా ఉన్నాయి. పూర్తి ధర పెడితే మాస్కు ఉండదు, మందు ఉండదు, స్వెటర్ అయితే ఉంటుంది. నేను తొమ్మిదో నంబరు టోకెన్ రాయి కింద పెట్టి, ఒకటో నంబరు తీసుకున్నాను.

గల్లీ అంతా నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. దేశం కోసం ఎవరో బయల్దేరుతుంటే చూసే చూపు.

"నా బంగారమే," అంది దాక్షాయణి వదిన. అప్పటికి నేను ఏం కొంటానో ఆమెకు తట్టలేదు.

గడప ముందు ఆగి ఫోన్ తీశాను. మా ఆయన పటాన్‌చెరులో కంపెనీ డ్యూటీలో ఉంటారు. డబ్బు ఫోన్‌లోకే వేస్తారు.

"ఫోన్ల బోణి బ్యాడ," అంది సిద్ధలింగమ్మ.

"అవ్వా, స్కాన్ కొడితే డబ్బాల చెప్తది గదా, ఇన్ని రూపాయలు వచ్చినయని," అంది శైలశ్రీ.

"చెప్తది. దానికి నోరున్నది, చెయ్యి ఏది? బోణికి చెయ్యి కావాలె."

బస్టాండు దగ్గర ఏటీఎంకు చీటీ అంటించి ఉంది, డబ్బు లేదని. ఫోన్‌లో కొడతాను, నగదు ఇమ్మని ఎనభై మందినీ అడిగాను. శుక్రవారం చేతి నుంచి చేతికి డబ్బు ఇవ్వకూడదని ఎనభై మందికీ ఒకేసారి గుర్తొచ్చింది. (ఇవ్వడానికి రాని డబ్బుతో వాళ్లు కొనడానికి ఎట్లా వచ్చారన్నది నియమావళిలో లేదు.)

అప్పుడు మెట్టు దగ్గర నుంచి, "ఎంత గావాలె బిడ్డా?" అని వినిపించింది.

"ఆరు నూర్లు, చిన్నమ్మా."

శివమ్మ ఆకు వక్క సంచిలో అడుగున చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన ఐదు వందల నోటు, ఒక వంద నోటు తీసింది. "ఇగో. బోణి అయినంక నా రగ్గు సగానికి ఆరు నూర్లే గదా. అది నీ ఫోన్ల కొట్టియ్యి. సరికి సరి. జల్దీ కానియ్యి, బస్సు పోతది."

నోట్లు చేతులు మారుతుంటే అందరూ భూమన్న ఆటో చూస్తున్నట్టు నటించారో, నిజంగానే చూడలేదో తెలియదు. సిద్ధలింగమ్మకు మాత్రం గోడ అడ్డం. నేను కుడికాలు ముందు పెట్టి గడప దాటాను. ఎర్ర స్వెటర్ వైపు వేలు చూపించాను. బయట నుంచి, "అయ్యో, ఆగు, అది కాదు, చీర తీస్కో శ్రీవాణీ, చీర," అని దాక్షాయణి వదిన గొంతు వినిపించింది.

సేటు స్వెటర్ నా చేతికిచ్చి, నోట్లు అందుకుని, రెండు కళ్లకు అద్దుకున్నాడు. గల్లాకు తాకించాడు. బట్టల తానులకు తాకించాడు. తల్లికి చూపించాడు. ఐదు వందల నోటు మూలకు ఎర్రటి మరక ఉంది. వక్క రసం. సిద్ధలింగమ్మ కళ్లజోడు పైకి జరిపి దగ్గరగా చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"సూడు," అంది కొడుకుతో. "లక్ష్మి బొట్టు పెట్టుకొని వచ్చింది."

ఆ తర్వాత జరిగింది నిజమైన బ్లాక్ ఫ్రైడే. డెబ్బై తొమ్మిది మంది ఒక్కసారే గడప దాటారు. దుకాణం అద్దం పగిలింది. కంగ్టి బస్సు డ్రైవరు రెండు దుప్పట్లు, ఒక పరికిణీ గుడ్డ గెలుచుకున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం మొదటి రగ్గు శివమ్మకే దక్కింది. నేను ఆరు వందలు స్కాన్ చేశాను, డబ్బా గట్టిగా చెప్పింది. పన్నెండు వందలకు సిద్ధపడి వచ్చిన మనిషి ఆరు వందలకే రగ్గు తీసుకుని వెళ్లింది. నియమం ఆమెకు ఆరు వందలు మిగిల్చింది. దానికి ఆమె నియమానికి దండం పెట్టకుండానే బస్సెక్కింది.

సాయంత్రం దీపాల వేళకు ముప్పై ఏళ్లలో లేనంత అమ్మకం జరిగిందని తేలింది. శైలశ్రీ అది విదేశీ విధానం గొప్పదనమని నివేదిక రాసింది. సిద్ధలింగమ్మ అది నా చెయ్యి గొప్పదనమని ఊరంతా చెప్పింది. ఊరు సిద్ధలింగమ్మ మాటే నమ్మింది.

అప్పటి నుంచి నా హోదా మారింది. క్రిస్మస్ సేల్‌కు గిన్నెల దుకాణం నుంచి పిలుపు వచ్చింది. కొత్త సంవత్సరం సేల్‌కు ఫోన్ల దుకాణం వాళ్లు ఆటో పంపారు (భూమన్న ఆటోనే, అతణ్ణి మాత్రం దిగొద్దన్నారు). ప్రేమికుల దినం సేల్‌లో చెప్పుల దుకాణంలో నాకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, శాలువా కప్పారు. అన్నిచోట్లా మొదటి వస్తువు నేనే కొంటాను, పూర్తి ధరకు, నగదుగా. నారాయణఖేడ్‌లో ప్రతి విదేశీ సేల్‌కు హాజరవుతూ ఒక్క రూపాయి డిస్కౌంటు పొందని ఏకైక మహిళను నేనే. దానికి బదులుగా రేవప్ప సేటు, పాప బడికి పోయేదాకా పాప బట్టలన్నీ మామూలు రోజుల్లో సగం ధరకే ఇస్తానన్నాడు. ఈ చలికాలం పాపకు ఒక్కసారి కూడా నలభై దాటలేదు. కాబట్టి ఆ నోటు ఎవరిదన్న సంగతి నేను సిద్ధలింగమ్మకు చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు సగం గోడ దాకా వెళ్లాను. పాప స్వెటర్ తీగ మీద ఆరుతోంది. తిరిగొచ్చాను.

ఇక అసలు ప్రశ్నకు జవాబు. విదేశీ సేల్‌లను స్వీకరించాలా? తప్పకుండా స్వీకరించాలి. భయపడాల్సింది ఏమీ లేదు. ఏ దేశం నుంచి ఏది వచ్చినా మన గడప ముందు ఆగి, బోణి అయ్యాకే లోపలికి వస్తుంది. మన సంస్కృతికి వచ్చిన ప్రమాదమేమీ లేదని, అది చెక్కుచెదరకుండా ఉందని పేపర్లలో వాదించే పెద్దమనిషికి హామీ ఇస్తున్నాను.

ఆ ఐదు వందల నోటును సేటు గల్లాలో కలపలేదు. అద్దం కట్టించి బసవన్న పటం పక్కన పెట్టాడు. చెరకు పని అయిపోయి శివమ్మ ఉగాదికి ముందు మళ్లీ వచ్చింది, మనవరాలికి లంగా గుడ్డ కోసం. పొద్దున్నే వచ్చింది కాబట్టి గడప దగ్గర ఆగి, "బోణి అయిందా బిడ్డా?" అని పాపతో అటు వచ్చిన నన్ను అడిగింది. ఇంకా కాలేదన్నాను. సరేనని మెట్టు పక్కన కూర్చుని, తన నోటుకు సేటు ఊదుబత్తి తిప్పుతుంటే బయట నుంచి చూసింది.